ఊసరవెల్లి ఉపవాసం

బల్లి ఎక్కడ పడితే ఏమవుతుందో చెప్పడానికి మనకు ఏకంగా ఓ శాస్త్రమే ఉంది. తల మీద పడితే ఒక ఫలం, భుజం మీద పడితే మరొకటి... పంచాంగాల్లో పట్టిక వేసి మరీ అచ్చువేస్తారు. అప్పటికీ మనసు కుదుటపడకపోతే కంచి వెళ్లి వరదరాజస్వామి గుళ్లో బంగారు బల్లిని తాకి వచ్చేవాళ్లూ ఉన్నారు. మరి ఆ బల్లే తిండి మానేస్తే? ఆ సంగతి ఏ పంచాంగమూ చెప్పదు!

బల్లి తిండి గోల మనకెందుకు అనుకోకండి. కుక్కలూ పిల్లులూ రంగుచేపల వరస అయిపోయి, ఇప్పుడు నగరాల్లో ఇగ్వానాలు, లెపర్డ్ గెకోలు, బియర్డెడ్ డ్రాగన్లు గాజుపెట్టెల్లోకి చేరాయి. ఊళ్లలో అయితే అంత ఖర్చు కూడా అక్కర్లేదు. చెట్టు మీంచి ఓ ఊసరవెల్లిని దించితే చాలు. పట్నమైనా పల్లె అయినా చివరికి వినిపించే ఫిర్యాదు ఒకటే... 'ఏం పెట్టినా తినట్లేదు!'

పార్వతీపురం మన్యం జిల్లాలోని గుమ్మలక్ష్మీపురాన్నే తీసుకోండి. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లా వచ్చేదాకా ఇది విజయనగరం జిల్లాలో ఉండేది. అంత పొడుగు పేరు పలకలేక అందరూ జీఎల్‌పురం అంటారు. ఇటు భద్రగిరి, అటు ఎల్విన్‌పేట, కొండెక్కితే సవరల, జాతాపుల గూడేలు. ఇక్కడి పిల్లలు ఊసరవెల్లిని చూడటానికి టిక్కెట్టు కొనుక్కుని జూకి వెళ్లక్కర్లేదు. జీడితోటలోనో, చేనుగట్టు కంపలోనో కాస్త ఓపిగ్గా చూస్తే అదే కనిపిస్తుంది. ఆకుపచ్చటి ఒళ్లు, చుట్ట చుట్టిన తోక, ఒకటి ముందుకూ ఒకటి వెనక్కీ తిరిగే కళ్లు... ఏ పిల్లాడికైనా ఇంటికి తీసుకెళ్లాలనిపించడంలో తప్పేముంది?

అలా ఇంటికి వచ్చిన ఊసరవెల్లికి చెప్పుల అట్టపెట్టె ఇల్లవుతుంది. మూతకు నాలుగు చిల్లులు. లోపల గుప్పెడు ఆకులు, మూతలో నీళ్లు, ఓ మిడత. సాయంత్రానికి మిడత అలాగే ఉంటుంది. మర్నాడు అన్నం మెతుకులు వేస్తారు. ముట్టదు. పాలలో ముంచిన రొట్టెముక్క... ఊహూఁ! మూడోరోజుకు ఆకుపచ్చ పోయి ఒళ్లంతా నల్లగా మారుతుంది. 'ఒగ్గీరా బాబూ, దాని ఉసురు మనకెందుకు' అంటుంది ఇంట్లో ముసలావిడ. పిల్లాడు వినడు. తినకుండా ఎలా వదలడం, తినిపించాకే వదులుతానంటాడు. అక్కడే ఉంది అసలు చిక్కు. ఆ పెట్టెలో ఉన్నంతసేపూ అది తినదు.

ఎందుకు తినదో తెలియాలంటే బల్లి జాతి కడుపు ఎలా పనిచేస్తుందో కాస్త తెలుసుకోవాలి.

పొయ్యి బయటే ఉంటుంది

మన ఒంట్లో వేడి మన తిండి నుంచే పుడుతుంది. చలైనా ఎండైనా లోపల 37 డిగ్రీలు ఉండాల్సిందే. బల్లి, తొండ, ఉడుము, ఊసరవెల్లి... వీటికి ఆ ఏర్పాటు లేదు. వాటి పొయ్యి ఒంటి బయట ఉంటుంది. పొద్దున్నే తొండ రాయెక్కి కూర్చునేది సోమరితనంతో కాదు. ఒళ్లు వేడెక్కితేనే దానికి పరుగు, చూపు, ఆకలి అన్నీ వస్తాయి. కడుపులో తిండిని అరిగించే రసాలు కూడా సరైన వేడి ఉంటేనే పనిచేస్తాయి. ఒళ్లు చల్లబడ్డ బల్లికి తిండి పెట్టడమంటే పొయ్యి వెలిగించకుండా ఎసట్లో బియ్యం పోయడమే. ఉడకవు సరికదా, పాచిపోతాయి. చల్లబడ్డ కడుపులో పురుగు అరగక అక్కడే కుళ్లుతుంది. కాబట్టి చలిలో బల్లి తినకపోవడం చాలాసార్లు జబ్బు కాదు, జాగ్రత్త!

అమెరికాలో ఫ్లోరిడా వాళ్లకు ఇది బాగా తెలుసు. అక్కడ పెంపుడు జంతువులుగా వచ్చి, బయటపడి, వేలల్లో పెరిగిపోయిన ఇగ్వానాలు ఉన్నాయి. చలి బాగా ముదిరిన రోజున అవి కొమ్మల మీదే కొయ్యబారిపోయి టపటపా కింద రాలుతుంటాయి. 2020 జనవరిలో మయామీ వాతావరణ కేంద్రం 'చెట్ల మీంచి ఇగ్వానాలు పడొచ్చు, చూసుకోండి' అని ప్రజలను హెచ్చరించింది కూడా! చచ్చాయనుకుని కారులో వేసుకెళ్తే బండిలో వెచ్చదనానికి లేచి కూర్చున్నవీ ఉన్నాయట. 

మన్యంలో అంత చలి లేకపోయినా డిసెంబరు, జనవరి రాత్రులు తక్కువేం కాదు. బయట ఉన్న తొండ, ఉడుము ఆ రోజుల్లో తొర్రలోకో పుట్టలోకో దూరి, ఎండ బాగా కాసినప్పుడే బయటికొస్తాయి. తిండి బాగా తగ్గించేస్తాయి. అయినా చావవు. ఎందుకంటే ఒళ్లు వేడిగా ఉంచుకునే ఖర్చు లేదు కాబట్టి, అంతే బరువున్న ఎలుకకు కావలసిన తిండిలో సుమారు పదోవంతుతో బల్లి బతికేయగలదు. పెద్ద ఉడుము ఒకసారి కడుపునిండా తింటే కొన్ని రోజులు దాని జోలికి ఎవరూ పోనక్కర్లేదు. మనమేమో పూటకోసారి గిన్నె ముందు పెట్టి, తినలేదని దిగులుపడతాం. 

ఇంతవరకూ బాగానే ఉంది. మరి జీఎల్‌పురంలో ఏప్రిల్ ఎండల్లో పట్టుకున్న ఊసరవెల్లి కూడా ఎందుకు తినదు? దానికి చలి లేదుగా!

నాలుకకు చలి లేదు... మనసుకే

నిజానికి ఊసరవెల్లికి ఈ చలి లెక్క కూడా పూర్తిగా వర్తించదు. దాని నాలుక ఒంటి పొడవును మించి సాగుతుంది. 2010లో అమెరికాలో క్రిస్టఫర్ ఆండర్సన్, స్టీఫెన్ డీబన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఊసరవెల్లులను 35 డిగ్రీల నుంచి 15 డిగ్రీల దాకా చల్లబరిచి వాటి వేటను వీడియో తీసి చూశారు. చలిలో నాలుకను వెనక్కి లాక్కోవడం బాగా నెమ్మదించింది కానీ, బయటికి విసిరే వేగం మాత్రం కొద్దిగానే తగ్గింది. కారణం తమాషాగా ఉంటుంది. ఆ నాలుకను విసిరేది నేరుగా కండ కాదు. ముందే లాగిపెట్టి ఉంచిన సాగే తంతువులు వదిలేసరికి, ఉండేలు వదిలినట్టు దూసుకుపోతుంది. రబ్బరుకు చలితో పనేముంది? అందుకే మిగతా బల్లులు ఇంకా ఒళ్లు కాచుకుంటుండగానే ఊసరవెల్లి ఫలహారం ముగించగలదు.

అలాంటిది పెట్టెలో ఎదురుగా మిడత ఉన్నా నోరు తెరవదంటే అడ్డుపడుతున్నది వేరే. భయం! ఊసరవెల్లి బతుకంతా ఒకే ఒక్క నమ్మకం మీద నడుస్తుంది... తనను ఎవరూ చూడటం లేదని. పారిపోయే కాళ్లు లేవు, చెప్పుకోదగ్గ కోరలు లేవు, విషం అసలే లేదు. ఆకుల్లో ఆకులా, గాలికి ఊగినట్టు ఊగుతూ నడుస్తుంది. అట్టపెట్టెలో ఆ నమ్మకం పోతుంది. మూత తీసిన ప్రతిసారీ పైనుంచి ఓ పెద్ద మొహం వంగి చూస్తుంటే, దానికది గద్ద వాలినట్టే. అక్కడ ఆహారం వెతుక్కునే ధ్యాస ఉండదు, తనే ఎవరికి ఆహారమవుతానో అన్న బెంగే. మూడోరోజుకు కనిపించే ఆ నలుపు పక్క రంగును చూసి మార్చుకున్న రంగు కాదు. మనం అనుకునేట్టు అది ఎర్రగుడ్డ మీద పెడితే ఎర్రగా, పచ్చగడ్డిలో పెడితే పచ్చగా మారిపోదు. ఒంటి వేడి, వెలుతురు, కోపం, భయం, జతకోసం ఆరాటం... వీటిని బట్టి రంగు మారుతుంది. రాజకీయ నాయకులను దాంతో పోల్చడం ఒకరకంగా దానికి అన్యాయమే. 'తొండ ముదిరి ఊసరవెల్లి అయినట్టు' అన్న సామెత కూడా అంతే. తొండ ఎంత ముదిరినా తొండే. రెండూ వేర్వేరు కుటుంబాలు.

ఇక నీళ్లు. మూతలో పోసిపెట్టిన నీళ్లు ఊసరవెల్లికి నీళ్లలా కనబడవు. ఆకు చివర మెరిసే మంచుబొట్టు, జల్లు పడ్డాక కారే చుక్క... కదిలే నీటినే అది తాగుతుంది. గిన్నె పక్కనే దాహంతో ఎండిపోతుంది. కళ్లు లోపలికి పోయాయంటే అర్థం అదే. ఒంట్లో నీరు తగ్గిన బల్లికి ఆకలి పుట్టదు. కాబట్టి తిండి మానేసిందనుకున్నవాటిలో సగం కథ దాహమే అయి ఉంటుంది.

అన్నం, పాలు, రొట్టె సంగతి చెప్పక్కర్లేదు. కదలనిది ఊసరవెల్లి దృష్టిలో తిండే కాదు. పాలు ఏ బల్లికీ పడవు.

కడుపు నిండా గుడ్లుంటే

ఇంకో కారణం ఉంది. తెలియక పిల్లలు చేసే పొరపాట్లలో ఎక్కువ బాధపెట్టేది ఇదే. మామూలుగా కొమ్మ దిగని ఊసరవెల్లి నేల మీద నడుస్తూ, దారి దాటుతూ సులువుగా చేతికి చిక్కిందంటే అది గుడ్లు పెట్టడానికి దిగిన ఆడది కావచ్చు. అది మెత్తటి చోటు చూసుకుని, ముందుకాళ్లతో గొయ్యి తవ్వి, పది నుంచి ముప్ఫై దాకా గుడ్లు పెట్టి, మట్టి కప్పి, మళ్లీ చెట్టెక్కిపోతుంది. ఆ ముందు రోజుల్లో దానికి తిండి ధ్యాస ఉండదు. పొట్టలో చోటు కూడా ఉండదు. పెట్టె అంతా గీరుతుంటుంది. 'ఎంత హుషారుగా ఉందో' అనుకుంటారు. అది వెతికేది మట్టి కోసం. మట్టి దొరకకపోతే గుడ్లు లోపలే నిలిచిపోతాయి. కొన్ని రోజులకు తల్లీ పోతుంది, గుడ్లూ పోతాయి. ఒకటి చచ్చిందనుకుంటాం కానీ పాతిక పోయాయన్నమాట.

అందుకే అడవి నుంచి తెచ్చిన బల్లి తిండి మానేస్తే చేయాల్సిన వైద్యం ఒక్కటే. తెచ్చిన చోటే వదిలేయడం. తినిపించాక కాదు, తినకముందే. ఎక్కడ దొరికిందో సరిగ్గా అక్కడే, ఎండెక్కిన పొద్దున పూట, మనిషి ఎత్తు పొదలో ఓ సన్నకొమ్మకు కాళ్లు అందించి వెనక్కి జరగాలి. నేల మీద దొరికిన పొట్ట పెద్దదైతే దారికి అవతల, అది వెళ్తున్న వైపున మెత్తటి నేల మీద వదలాలి. 'ఇక్కడైతే క్షేమం' అని ఊరికి దూరంగా మరో కొండకు తీసుకెళ్లక్కర్లేదు. దానికి తెలిసిన కొమ్మలు, దాని వేటచోట్లు అక్కడ ఉండవు. కాలు విరిగి, గాయమై ఉంటేనో, లేవలేకపోతేనో దగ్గర్లోని అటవీశాఖ వాళ్లకు అప్పగించాలి. 

చట్టం మాట కూడా చెప్పుకోవాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట అంటే చంపడమే కాదు, పట్టుకోవడమూ వేటే. ఊసరవెల్లి, ఉడుము రెండూ ఆ చట్టం కాపాడే జీవులే. ఉడుమైతే పులితో పాటు మొదటి షెడ్యూల్లో ఉంది. ఆ షెడ్యూల్లోని జంతువును వేటాడితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు, 2022 సవరణ తర్వాత 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా. ముద్దుగా ఉందని ఉడుము పిల్లను తెచ్చి కోడిమాంసం ముక్కలు పెట్టేవాళ్లకు ఈ సంగతి చాలామందికి తెలియదు. పైగా ఉడుము పిల్ల పుట్టింది కోడిమాంసం తినడానికి కాదు. పేడపురుగులు, మిడతలు, నత్తలు, పీతలు ఏరుకు తినడానికి. తాడుకు కట్టేసిన ఉడుము తినదు. తిన్నా కక్కేస్తుంది. 

కొండమీది కొత్త బంధువు

ఇప్పుడు నగరాల వైపు వద్దాం. దుకాణాల్లో ఎక్కువగా అమ్ముడయ్యే పెంపుడు బల్లి లెపర్డ్ గెకో. పసుపు ఒంటి మీద చిరుతపులికి ఉన్నట్టు నల్లమచ్చలు. సొంతూరు పాకిస్థాన్, అఫ్గానిస్థాన్, వాయవ్య భారతం. తరతరాలుగా పెంపకంలోనే పుట్టి పెరుగుతూ ప్రపంచమంతా ఇళ్లలోకి చేరిపోయింది. 

దీని దగ్గరి బంధువు ఒకటి మన తూర్పు కనుమల్లోనే ఉందని తెలుసా? ఆంధ్ర, ఒడిశా కొండల్లో తిరిగే ఆ బల్లిని చాన్నాళ్లపాటు 1827లో పేరుపెట్టిన వేరే జాతిగానే లెక్కేశారు. జీశాన్ మీర్జా, చంద్రశేఖరుని జ్ఞానేశ్వర్ అనే పరిశోధకులు పొలుసుల్నీ, జన్యువుల్నీ పోల్చి చూసి ఇది ప్రత్యేక జాతి అని 2022లో తేల్చారు. పేరు యూబ్లెఫారిస్ పిక్టస్. పిక్టస్ అంటే లాటిన్‌లో రంగులు వేసినది అని. మన గోడ మీది బల్లికి కనురెప్పలు ఉండవు, నాలుకతోనే కళ్లు తుడుచుకుంటుంది. దీనికి చక్కటి రెప్పలున్నాయి. గోడలెక్కే జిగురుపాదాలు మాత్రం లేవు. చీకటి పడ్డాక అడవి బాటల వెంట నేలమీదే నడుస్తూ, అడుగడుగునా నేలను నాకి చూస్తూ వేటాడుతుంది. పాపం, చూసినవాళ్లు విషపురుగనుకుని కొట్టి చంపేస్తుంటారు. దీనిలో విషం లేదు. అసలు మన దేశంలో కరిచి మనిషి ప్రాణం తీసే బల్లి ఏదీ లేదు.

ఈ కొండబల్లి అలవాట్లు చూస్తే గాజుపెట్టెలోని దాని చుట్టం తిండి ఎందుకు మానేస్తుందో సగం అర్థమైపోతుంది. అది నిశాచరి. మనం మధ్యాహ్నం భోజనం చేస్తూ దానికీ ఓ పురుగు వేస్తే తినదు. పొద్దుగూకాక వేయాలి. అది రాళ్ల సందుల్లో దాక్కునే జీవి. పెట్టెలో దూరడానికి చీకటి గూడు లేకపోతే తినదు. పగలు ఎండకు కాగిన రాతి వేడిని పొట్టకింద తగిలించుకుని అరిగించుకునే జీవి. అందుకే పెట్టెలో ఒకపక్క నేల 31, 32 డిగ్రీల దాకా వెచ్చగా ఉండాలి, రెండోపక్క చల్లగా ఉండాలి. వేడి ఎక్కువైతే జరిగిపోవడానికి చోటుండాలి కదా! చేత్తో తాకి 'వెచ్చగానే ఉంది' అనుకోవద్దు. అది తిరిగే చోట, నేలను ఆనించి థర్మామీటరు పెట్టి చూడాలి. తినని బల్లి ఉన్న ఇంట్లో కొనాల్సిన మొదటి వస్తువు మందు కాదు, మంచి థర్మామీటరు.

వేడి సరిపోయిందా? అయినా తినలేదా? అప్పుడు తోక చూడండి. లెపర్డ్ గెకో కొవ్వునంతా తోకలో దాచుకుంటుంది. తోక బొద్దుగా ఉన్నంతకాలం పెద్ద గెకో రెండు మూడు వారాలు తినకపోయినా కంగారు అనవసరం. చలికాలంలో, జత కట్టే రోజుల్లో, కొత్త ఇంటికి వచ్చిన మొదటి వారం పది రోజుల్లో, కుబుసం విడిచే ముందు అది మామూలే. ఒంటి రంగు వెలిసిపోయినట్టయితే కుబుసం వస్తోందన్నమాట. తడిబట్ట పరిచిన చిన్న డబ్బా పెడితే దానికి సులువు. పిల్ల గెకోల విషయంలో మాత్రం ఇంత నిబ్బరం పనికిరాదు. వాటికి నిల్వ ఉండదు, వారంలోనే చిక్కిపోతాయి.

కంటితో చూసి సన్నబడిందో లేదో చెప్పడం కష్టం. వారానికోసారి వంటింటి ఎలక్ట్రానిక్ తక్కెడలో డబ్బాతో సహా తూచి, డబ్బా బరువు తీసేసి, క్యాలెండర్ మీద రాసుకోండి. పాలలెక్క రాసుకున్నట్టే. బరువు నిలకడగా ఉంటే ఉపవాసం, పదోవంతుకు మించి తగ్గితే జబ్బు అని ఓ మోటులెక్క.

ఇగ్వానా, బియర్డెడ్ డ్రాగన్ల దగ్గర ఇంకో చిక్కు ఉంది. అవి పగటి జీవులు. వాటికి వేడితోపాటు ఎండలోని అతినీలలోహిత కిరణాలు కావాలి. ఆ కిరణాలుంటేనే ఒంట్లో డి విటమిన్ తయారవుతుంది, అదుంటేనే తిన్న కాల్షియం ఒంటబడుతుంది. లేకపోతే ఎముకలు మెత్తబడి దవడ రబ్బరులా వంగుతుంది. నమలలేక తిండి మానేస్తుంది. 'రోజూ కిటికీ పక్కన ఎండలోనే పెడుతున్నాం కదా' అంటారు. కిటికీ అద్దం ఆ కిరణాలను లోపలికి రానివ్వదు! వెలుతురు వస్తుంది, వేడి వస్తుంది, పనికొచ్చేది మాత్రం బయటే ఆగిపోతుంది. పైగా గాజుపెట్టెను ఎండలో పెడితే అరగంటలో ఆవిరిపొయ్యి అయిపోతుంది. దానికోసం ప్రత్యేకమైన దీపాలున్నాయి. అవి కూడా వెలుగుతున్నంత మాత్రాన పనిచేస్తున్నట్టు కాదు. కొన్ని నెలలకు కిరణాలు తగ్గిపోతాయి, వెలుతురు మాత్రం అలాగే ఉంటుంది. కంపెనీ చెప్పిన గడువుకు మార్చాల్సిందే. 

ఇగ్వానా పూర్తి శాకాహారి. దానికి పురుగులు వేసి 'తినట్లేదు' అని బాధపడేవారూ ఉన్నారు. ములగాకు, మందార పూలు, గుమ్మడి తురుము పెట్టి చూడండి. పురుగులు తినేవాటికైతే వాటి రెండు కళ్ల మధ్య దూరం కంటే పెద్ద పురుగు వేయకూడదు. పొలం నుంచి మిడతలు పట్టి తెచ్చేముందు ఆ చేలో మందు కొట్టారేమో కనుక్కోవాలి. పురుగుమందు తాగిన మిడత ఒక్కటి చాలు. మిణుగురులు అసలే వద్దు. వాటిలో కొన్ని రకాలు ఒక్కటి తిన్నా బియర్డెడ్ డ్రాగన్ ప్రాణం పోతుంది. తినకుండా మిగిలిన కీచురాళ్లను రాత్రంతా పెట్టెలో వదిలేయొద్దు. అవే తిరగబడి నిద్రపోయే బల్లిని కొరుకుతాయి. ఇంకోసారి పురుగు కనిపిస్తే చాలు, మూలకు పారిపోతుంది. అదీ తినకపోవడానికి ఓ కారణమే.

ఇన్ని చెప్పినా చాలామంది చేసే పని ఒకటుంది. నోరు బలవంతంగా తెరిచి ముద్ద కుక్కడం. దయచేసి వద్దు. దవడ విరుగుతుంది, ముద్ద గొంతులోకి కాక గాలిగొట్టంలోకి పోతుంది. వరస ఎప్పుడూ వేడి, నీళ్లు, ఆ తర్వాతే తిండి. గెకోనో డ్రాగన్‌నో గోరువెచ్చటి నీళ్లలో, పొట్ట తడిసేంత లోతులో పది నిమిషాలు ఉంచితే చాలాసార్లు మలబద్ధకం వదిలి ఆకలి తిరిగొస్తుంది. ఊసరవెల్లి జాతినైతే అలా ముంచకూడదు. వాటికి ఆకుల మీద తుంపర చల్లడమే. ఇంట్లో ఉన్న పశువుల నులిపురుగుల మందు ఓ చుక్క వేద్దామనే ఆలోచన కూడా మానుకోండి. 400 కిలోల గేదెకు కొలిచే మందును 50 గ్రాముల బల్లికి ఎలా కొలుస్తారు?

ఇగ్వానా ఉన్న ఇంటికి మరో బాధ్యత. దాన్ని అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందం జాబితాలో చేర్చారు. 2024 ఫిబ్రవరి 28న కేంద్రం ఇచ్చిన నిబంధనల ప్రకారం అలాంటి విదేశీ జంతువులను పెంచేవాళ్లు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. విసుగొచ్చిందనో, తినట్లేదనో దాన్ని తీసుకెళ్లి తోటలో వదిలేయకూడదు. ఊసరవెల్లికి చెప్పిన వైద్యం దీనికి చెల్లదు. చలి తట్టుకోలేనిది చస్తుంది, తట్టుకున్నది ఫ్లోరిడా కథ మొదలుపెడుతుంది. 

నోట్లో పెరుగు గడ్డల్లాంటి చీము, దవడ వాపు, కాళ్ల వణుకు, నోరు తెరిచి బుడగలతో ఊపిరి తీయడం, తుంటి ఎముకలు పైకి పొడుచుకు రావడం, ఇసుక మింగి పొట్ట గట్టిపడటం... వీటిలో ఏది కనిపించినా ఇంట్లో ప్రయోగాలు ఆపేసి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. బల్లులు చూసే పశువైద్యులు మనకు తక్కువే. దగ్గర్లోని పశువైద్య కళాశాలలో అడిగితే దారి దొరుకుతుంది. వెళ్లేటప్పుడు బల్లి ఒక్కదాన్నే పట్టుకెళ్లొద్దు. ఆ పొద్దుటి రెట్టను శుభ్రమైన డబ్బాలో వేసుకోండి, పురుగుల గుడ్లున్నాయేమో చూస్తారు. బరువులు రాసిన క్యాలెండర్ కాగితం, పెట్టె ఫొటో, దీపం ఏ రకమో రాసిన చీటీ కూడా ఉంచుకోండి. బల్లిని ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవడం మరవొద్దు. వాటి ఒంటి మీద ఉండే సాల్మొనెల్లా అనే క్రిమి అయిదేళ్లలోపు పిల్లలకు విరేచనాలు పట్టిస్తుంది. డాక్టరు బల్లి నోరు తెరిచి చూడకముందే అడిగే ప్రశ్నకు మాత్రం జవాబు సిద్ధంగా పెట్టుకోండి... 'దీపం కింద ఎన్ని డిగ్రీలు ఉంది?'